చిన్న ప్రైవేటు మట్టి ఆనకట్టలు: లక్షణాలు, భద్రత

వాగుకో చిన్న లోయకో అడ్డంగా మట్టి పోసి, గట్టిగా అణిచి కట్టిన తక్కువ ఎత్తు కట్ట ఒక వ్యక్తికో, కుటుంబానికో, కంపెనీకో, విద్యాసంస్థకో సొంతమైతే దాన్ని చిన్న ప్రైవేటు మట్టి ఆనకట్ట అంటారు. సాగునీరు, పశువుల తాగునీరు, చేపల పెంపకం, చిన్నపాటి జలవిద్యుత్తు, విహారం వీటి ప్రధాన ప్రయోజనాలు. అమెరికా జాతీయ ఆనకట్టల జాబితాలో ఉన్న దాదాపు 90 వేల కట్టల్లో సగానికి పైగా ప్రైవేటువే. ఇలాంటి కట్ట తెచ్చే ముప్పును ఎత్తు ఒక్కటే తేల్చదు. దిగువన ఎవరు నివసిస్తున్నారు, కట్ట బాగోగులు ఎవరు చూస్తున్నారు అన్న రెండు విషయాలు అంతకంటే ముఖ్యం. నీటి లాభం యజమానిది, తెగితే నష్టం చాలావరకు దిగువవాళ్లది కావడం వల్ల వీటి భద్రత ఇంజనీరింగుకూ చట్టానికీ ఉమ్మడి విషయమైంది.

నిర్వచనం, కొలతలు

ఎంత వరకు చిన్నది అనే హద్దు దేశాన్ని బట్టి మారుతుంది. అంతర్జాతీయ పెద్ద ఆనకట్టల సంఘం (ఐకోల్డ్) లెక్కలో పునాది అడుగు నుంచి 15 మీటర్లు, ఆపైన ఎత్తున్నది పెద్ద ఆనకట్ట. 5 నుంచి 15 మీటర్ల మధ్య ఎత్తున్నా, 30 లక్షల ఘనపు మీటర్లకు మించి నీరు నిలిపితే అది కూడా పెద్దదే. భారత ప్రమాణం ఐఎస్ 11223 (1985) ప్రకారం నిల్వ 5 లక్షల నుంచి కోటి ఘనపు మీటర్ల వరకు, ఎగువ దిగువ నీటి మట్టాల తేడా 7.5 నుంచి 12 మీటర్ల వరకు ఉంటే చిన్న ఆనకట్ట.

పరిమాణం ఒక కొలత మాత్రమే. చాలా దేశాల్లో ముప్పు స్థాయిని విడిగా నిర్ణయిస్తారు. కట్ట తెగితే ప్రాణాలు పోయే అవకాశం ఉంటే, అది ఎంత దిట్టంగా ఉన్నా ‘అధిక ముప్పు’ తరగతిలోకే వస్తుంది. కట్ట ప్రస్తుతం ఎలా ఉందన్నది మరో అంచనా. కట్టినప్పుడు దిగువన పొలాలే ఉండి, తరువాతి దశాబ్దాల్లో ఇళ్లు, బడులు, రోడ్లు వస్తే, కట్టలో ఏ మార్పూ లేకుండానే దాని తరగతి మారిపోతుంది.

చరిత్ర

తెలుగు నేల మీద చెరువులు కట్టించింది రాజులు ఒక్కరే కాదు. సామంతులు, వర్తకులు, గ్రామ పెద్దలు సొంత ఖర్చుతో కట్టించిన కట్టలు అనేకం. రాయలసీమలో ఇలా చెరువు కట్టించిన లేదా బాగుచేయించిన వారికి దశబంధం అనే భూమి ఇనాం ఇచ్చే ఆనవాయితీ ఉండేది. ఇనాం పొందినవారు ఆ కట్టను కాపాడుతూ ఉండాలి. హక్కునూ బాధ్యతనూ ఒకే ముడిగా వేసిన ఏర్పాటు ఇది.

కట్టల భద్రతపై ఈ ప్రాంతంలో దొరికిన ముఖ్యమైన పాత ఆధారాల్లో ఒకటి కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన ఆ చెరువుకు 1369లో వేయించిన ఈ శాసనం మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలనూ, ఉండకూడని 6 దోషాలనూ చెబుతుంది. దోషాల్లో ఒకటి కట్టలోంచి నీరు ఊరడం. మరొకటి ఆయకట్టు కొంచెమై నీరు అతిగా రావడం. చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దు మీద కట్ట ఉండటం సైతం దోషాలే. రోజుకు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లతో రెండేళ్లు పని సాగిందని కూడా అందులో ఉంది.

1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత ఆంధ్ర ప్రాంతంలో జమీందారీ చెరువులు ప్రభుత్వం చేతికి వచ్చాయి. ఇప్పుడు ఇక్కడ ప్రైవేటు కట్టలంటే ప్రధానంగా పొలాల్లోని నీటి కుంటలు, చేపల చెరువుల గట్లు, ఫ్యాక్టరీల నీటి నిల్వలు.

పాశ్చాత్య దేశాల్లో 19వ శతాబ్దంలో మిల్లులు, గనులు, ఎస్టేట్లు పెద్ద సంఖ్యలో ప్రైవేటు కట్టలు కట్టాయి. 1889 మే 31న పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ కట్ట తెగి జాన్స్‌టౌన్ పట్టణంలో 2,209 మంది చనిపోయారు. 22 మీటర్ల ఎత్తున్న ఆ కట్ట చిన్నదేమీ కాదు, కానీ ప్రైవేటు నిర్వహణ లోపాలకు పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయిన ఉదాహరణ. దాని యజమాని ఒక వేట, చేపల క్లబ్బు. బండ్లు నడవడానికి కట్ట పైభాగాన్ని కొంత తగ్గించారు. చేపలు పోకుండా అలుగుకు కట్టిన తడికెలు చెత్తతో పూడుకుపోయాయి. నీరు వదలడానికి అడుగున ఉండాల్సిన గొట్టాలను అంతకుముందే తీసేశారు, క్లబ్బు వాటిని మళ్లీ పెట్టలేదు. బ్రిటన్‌లో 1925లో రెండు ప్రమాదాలు జరిగాయి. స్కాట్లండ్‌లోని స్కెల్‌మోర్లీలో ఒక చిన్న కట్ట తెగి ఐదుగురు, వేల్స్‌లోని డోల్‌గారోగ్‌లో 16 మంది చనిపోయారు. వాటి ఫలితంగా 1930లో అక్కడ రిజర్వాయర్ల భద్రతా చట్టం వచ్చింది.

రకాలు

కట్టలో వాడిన మట్టిని బట్టి ప్రధానంగా మూడు రకాలు.

ఒకే మట్టి కట్ట: మొత్తం ఒకే రకం మట్టితో కడతారు. చిన్న కట్టల్లో ఎక్కువ ఇవే. ఖర్చు తక్కువ. ఊట బయటి వాలు మీద తేలకుండా అడుగున ఇసుక, కంకర పొర వేయాలి.

పొరల కట్ట: నడుమ నీరు పట్టని బంకమట్టి గర్భం, రెండు పక్కలా మొరం లేదా గరుసు ఉంటాయి. గర్భం నీటిని ఆపుతుంది, పక్కలు బరువుతో నిలబెడతాయి.

తెర కట్ట: నీరు సులభంగా పారే మట్టితో కట్టి, మధ్యలోనో లోపలి వాలు మీదో కాంక్రీటు, బంకమట్టి లేదా ప్లాస్టిక్ షీటుతో పలుచని అడ్డు పెడతారు.

ఉన్న చోటును బట్టి వాగుకు అడ్డంగా కట్టినవి, చదును నేల మీద చుట్టూ గట్టు పోసి నీరు తోడి నింపేవి అని రెండు విధాలు. రెండో రకానికి వరద తాకిడి తక్కువ. అయితే గట్టు పొడవు ఎక్కువ కాబట్టి బలహీనమైన చోట్లకూ అవకాశం ఎక్కువ.

భాగాలు, పనితీరు

మట్టి కట్ట నీటిని పూర్తిగా ఆపదు. ప్రతి కట్టలోంచీ కొంత నీరు నెమ్మదిగా ఊరుతూనే ఉంటుంది. ఆ ఊట ఎంత వేగంగా, ఏ దారిన, ఏ మట్టిని వెంటబెట్టుకొని వెళుతుందన్నదే డిజైన్‌లో అసలు ప్రశ్న.

పునాది కందకం: పైమట్టి, వేర్లు, ఇసుక పొర తీసేసి, గట్టి నేల లేదా రాయి తగిలేదాకా తవ్వి బంకమట్టితో నింపే గాడి. కట్ట కింద నుంచి నీరు పోకుండా ఆపేది ఇదే.

వాలులు: లోపలి వాలు నిలువు 1కి అడ్డం 2.5 నుంచి 3, బయటి వాలు 1కి 2 నుంచి 2.5 ఉండటం మామూలు. స్థలం, మట్టి ఆదా చేయాలని వాలును నిటారుగా పెడితే జారే ముప్పు పెరుగుతుంది. లోపలి వైపు అలల కోతకు రాతి తాపడం, బయట వాన కోతకు గడ్డి రక్షణ.

అణిచిన మట్టి: మట్టిని పలుచని పొరలుగా పరిచి, తగినంత తడిపి, రోలర్‌తో అణచాలి. మరీ పొడిగా ఉన్నా, మరీ తడిగా ఉన్నా మట్టి సరిగా అణగదు. ఏ తేమ దగ్గర ఎక్కువ గట్టిపడుతుందో కొలిచే పరీక్షను లాస్ ఏంజిల్స్ ఇంజనీరు రాల్ఫ్ ప్రాక్టర్ 1933లో ప్రకటించాడు. ఇప్పటికీ దాని పేరు ప్రాక్టర్ పరీక్షే. ఒక్కసారిగా ట్రాక్టర్లతో మట్టి దిమ్మరించి, పైపైన చదును చేసిన కట్ట బయటికి బాగానే కనిపిస్తుంది. మొదటిసారి నిండినప్పుడు లోపం బయటపడుతుంది.

అలుగు: చెరువు నిండాక మిగులు నీరు పోయే దారి. తెలంగాణలో మత్తడి, మరికొన్ని చోట్ల కలుజు అంటారు. మట్టి కట్టకు ఇది ప్రాణాధారం. వరదను అంచనా వేయడానికి మద్రాసు ప్రాంత చెరువుల కోసం రైవ్స్ 1884లో ఇచ్చిన సూత్రం దక్షిణాదిలో ఇప్పటికీ వాడుకలో ఉంది. అందులో వరద పరీవాహక విస్తీర్ణపు మూడింట రెండో ఘాతానికి అనులోమంగా ఉంటుంది. చిన్న కట్టలకు ఐఎస్ 11223 సూచించేది నూరేళ్ల వరద, అంటే ఏ ఏడాదైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉన్న వరద. పేరు చూసి అది నూరేళ్లకోసారే వస్తుందనుకోకూడదు. యాభై ఏళ్లు నిలిచే కట్ట అంతటి వరదను ఒకసారైనా చూసే అవకాశం దాదాపు 40 శాతం.

తూము: కావలసినప్పుడు నీరు వదిలే గొట్టం లేదా రాతి దారి. కట్టను అడ్డంగా చీల్చుకుంటూ వెళుతుంది కనుక దాని చుట్టూ మట్టిని అణచడం కష్టం. చాలా బుంగలు తూము పక్కనే మొదలవుతాయి. ఇనుప గొట్టమైతే కొన్ని దశాబ్దాలకు తుప్పుపట్టి, చిల్లులు పడి, మట్టిని లోపలికి లాగేసుకుంటుంది.

పై జాగా: నిండు నీటి మట్టానికీ కట్ట పైభాగానికీ మధ్య వదిలే ఎత్తు. ఇంజనీర్లు ఫ్రీబోర్డు అంటారు. అలలకూ, కట్ట కుంగడానికీ ఇది భరోసా.

కట్ట తెగే తీరు

ఆస్ట్రేలియా పరిశోధకులు ఫాస్టర్, ఫెల్, స్పనాగల్ 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం పెద్ద మట్టి ఆనకట్టలు తెగిన ఘటనల్లో దాదాపు సగానికి నీరు పైనుంచి పొర్లడం, మరో సగానికి కాస్త తక్కువగా లోపలి కోత కారణం. వాలు జారడం వల్ల తెగినవి నూటికి నాలుగైదు. చిన్న కట్టల్లోనూ తెగే దారులు ఈ మూడే.

పొర్లడం: అలుగు చాలకపోయినా, పూడుకుపోయినా నీరు కట్ట మీదుగా దూకుతుంది. బయటి వాలు అడుగున మొదలైన కోత వెనక్కి తింటూ పైకి వచ్చి గండి కొడుతుంది. కాంక్రీటు గోడ పొర్లినా చాలాసార్లు నిలబడుతుంది, మట్టి కట్ట ఎక్కువసేపు నిలవదు. కట్ట పైభాగం అంతటా ఒకే మట్టంలో ఉండాలనే నియమం ఇందుకే. బండ్లు నడిచి ఒకచోట జానెడు కుంగినా వరద అంతా ఆ పల్లం మీదే పడుతుంది.

లోపలి కోత: దీన్నే జనం బుంగ పడటం అంటారు. ఊట వేగం పెరిగి మట్టి రేణువులను మోసుకుపోవడం మొదలైతే, దిగువన మొదలైన చిన్న రంధ్రం వెనక్కి సాగి చెరువును చేరుతుంది. ఎండ్రకాయలు, ఎలుకలు చేసిన బొరియలు, చచ్చి కుళ్లిన చెట్ల వేర్లు వదిలిన సందులు, తూము పక్క వదులు మట్టి దీనికి తయారుగా ఉన్న దారులు. కట్ట అడుగున ఊరే నీటి రంగు ఇక్కడ ముఖ్యమైన గుర్తు. తేటగా, ఎప్పుడూ ఒకే మోతాదులో వస్తే దాన్ని కొలుస్తూ గమనిస్తే చాలు. బురదగా మారినా, హఠాత్తుగా పెరిగినా లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం, కట్ట తెగడానికి వ్యవధి గంటల్లోనే ఉండొచ్చు. బయటి వైపు నేల మీద నీరు ఇసుకను కుతకుతమని పైకి నెడుతూ ఉంటే ఆ నోటిని బంకమట్టితో మూసేయకూడదు. మూస్తే నీరు పక్కన మరో దారి చేసుకుంటుంది. ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, ఆపై పెద్ద కంకర పోస్తే నీరు బయటికి పోతుంది, మట్టి ఆగుతుంది. చుట్టూ ఇసుక బస్తాల వరస పేర్చి లోపల నీటి మట్టం పెంచితే ఊట ఒత్తిడి తగ్గుతుంది. ఈ వడపోత పొరల కొలతలకు సూత్రం ఇచ్చినవాడు నేల యాంత్రిక శాస్త్రానికి ఆద్యుడైన కార్ల్ టెర్జాగీ.

వాలు జారడం: బయటి వాలు ఊటతో నాని బరువెక్కినప్పుడు జారుతుంది. చెరువు నీటిని ఒక్కసారిగా వదిలేస్తే లోపలి వాలు నీటి ఆసరా పోయి జారుతుంది. కట్ట పైన పొడవునా కనిపించే నెలవంక ఆకారపు పగులు తొలి సూచన.

ఒక ఉదాహరణ: కెల్లీ బార్న్స్ కట్ట, 1977

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో టొకోవా వాగు మీద ఉన్న ఈ కట్ట చరిత్రలో ప్రైవేటు కట్టల సమస్యలు ఒకదాని మీద ఒకటి పేరుకున్న తీరు స్పష్టంగా కనిపిస్తుంది. 1899లో చిన్న జలవిద్యుత్తు కోసం దుంగల చట్రంలో రాళ్లు నింపి కట్టారు. ఆ తరువాత ఒక బైబిల్ విద్యాసంస్థ దాన్ని తీసుకుని, 1930ల చివర్లో పాత రాతి కట్ట మీదే మట్టి కట్ట పోసింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఇంకా పెంచారు. చివరికి ఎత్తు దాదాపు 12.8 మీటర్లు, పొడవు 122 మీటర్లు. 1957లో విద్యుదుత్పత్తి ఆగిపోయింది. ఆపైన అది 16 హెక్టార్ల విహార సరస్సు మాత్రమే.

బయటి వాలు చాలా నిటారుగా ఉండేది. కట్ట మీద చెట్లు పెరిగాయి. బయటి వాలులో కొంత భాగం జారిపోయినట్లు 1973 నాటి ఫొటోలో ఉంది. 1977 నవంబరు 2 నుంచి 5 వరకు ఆ ప్రాంతంలో సుమారు 180 మిల్లీమీటర్ల వాన పడింది. నవంబరు 6 తెల్లవారుజామున ఒంటిగంటన్నర ప్రాంతంలో కట్ట తెగింది. దిగువనే ఆ విద్యాసంస్థ కళాశాల ఆవరణ, విద్యార్థుల కుటుంబాలు ఉండే ట్రైలర్ ఇళ్లు. 39 మంది చనిపోయారు.

ఆ సరస్సులో అప్పుడు ఉన్న నీరు సుమారు 7.8 లక్షల ఘనపు మీటర్లు, అంటే ఒక టీఎంసీలో దాదాపు 36వ వంతు. తెగిన తరువాత దిగువన ప్రవాహం గరిష్ఠంగా 24,000 క్యూసెక్కులకు చేరిందని అమెరికా భూగర్భ సర్వే అంచనా వేసింది. కొద్దిపాటి నిల్వ కూడా నిమిషాల్లో ఖాళీ అయితే ఎంత ప్రవాహం అవుతుందో ఈ రెండు అంకెలు చెబుతాయి.

ప్రమాదంపై ఏర్పాటైన విచారణ బోర్డు ఒకే కారణాన్ని తేల్చలేదు. నిటారు బయటి వాలులో ఒకచోట మట్టి జారడం, దానికి లోపలి కోత తోడవడం, కట్ట పైభాగంలో గండి, ఆపై కోత పెరిగి కట్ట కూలడం ఎక్కువ సంభావ్యమైన క్రమంగా చూపింది. జార్జియా గవర్నరుగా పనిచేసి అప్పటికి అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్, సైన్యపు ఇంజనీర్ల విభాగాన్ని ఫెడరల్ ప్రభుత్వానివి కాని అధిక ముప్పు కట్టలను తనిఖీ చేయమని ఆదేశించాడు. దానికి వీలు కల్పించే చట్టం 1972 నుంచే ఉంది. 1981 వరకు 8,800కు పైగా కట్టలను పరిశీలించగా సుమారు మూడో వంతు సురక్షితం కాదని తేలింది. జార్జియా 1978లో సొంత భద్రతా చట్టం చేసింది.

ఇతర ఘటనలు

హవాయీలోని కవాయ్ దీవిలో చెరకు తోటల కోసం 1890లో కట్టిన కా లోకో కట్ట 2006 మార్చి 14న, వారాల తరబడి కురిసిన వానల తరువాత తెగి ఏడుగురు చనిపోయారు. అలుగును మట్టితో పూడ్చేయడం వల్ల నీరు కట్ట మీదుగా పొర్లి ఉంటుందని 2007 జనవరిలో వచ్చిన స్వతంత్ర విచారణ నివేదిక చెప్పింది. రాష్ట్ర యంత్రాంగం కట్టను తనిఖీ చేయకపోవడాన్నీ తప్పుపట్టింది. అదే ఏడాది హవాయీ కొత్త భద్రతా చట్టం తెచ్చింది.

కెన్యాలోని సోలాయ్‌లో 2018 మే 9 రాత్రి ఒక ప్రైవేటు వ్యవసాయ క్షేత్రపు కట్ట తెగి కనీసం 48 మంది చనిపోయారు. మృతుల్లో చాలామంది దిగువ పల్లెల పేదలు.

తనిఖీ, నిర్వహణ

తెలుగు పల్లెల్లో తూము తీసి మూసే నీరటి లేదా నీరుగంటి కట్టకు కావలి కూడా. వానాకాలంలో కట్ట మీద నడిచి చూడటం అతని పనిలో భాగం. ప్రైవేటు కట్టకూ అలాంటి కన్ను కావాలి. భద్రతా సంస్థలు సూచించే పనుల్లో ముఖ్యమైనవి:

నెలకోసారి, పెద్ద వాన పడిన ప్రతిసారీ కట్ట పైన, బయటి వాలు మీద, కట్ట అడుగున నడవాలి. పగులు, కుంగుడు, కొత్త తడి, ఊట రంగు రాసిపెట్టాలి. ఒకే చోటు నుంచి తీసిన ఫొటోలు ఏళ్ల తేడాను పట్టిస్తాయి.

సర్కారు తుమ్మ వంటి చెట్లను మొక్కగా ఉన్నప్పుడే పీకేయాలి. పెద్ద చెట్టును నరికి మొద్దును వదిలేస్తే కుళ్లిన వేర్లు నీటికి దారి ఇస్తాయి. వేళ్లతో సహా తీసి, ఆ గుంతను తగిన మట్టితో పొరలుగా అణచాలి. ఇది ఇంజనీరు పర్యవేక్షణలో, నీరు తగ్గించి చేయాల్సిన పని.

అలుగు మీద బస్తాలు, పలకలు పెట్టి మట్టం పెంచకూడదు. ఎక్కువ నీరు నిలపాలన్న ఆశతో లేదా చేపలు పోతాయన్న భయంతో చేసే ఈ పని వరదకు ఉన్న ఒకే దారిని మూసేస్తుంది.

తూము తలుపు ఏడాదికొకసారైనా పూర్తిగా తెరిచి మూసి చూడాలి. ఆపదలో నీటిని తగ్గించే మార్గం చాలా చిన్న కట్టలకు అదొక్కటే.

యజమాని బాధ్యత, చట్టం

ప్రైవేటు నీటి నిల్వ నుంచే న్యాయశాస్త్రంలో ఒక ప్రసిద్ధ సూత్రం పుట్టింది. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో ఒక మిల్లు యజమాని కట్టించిన రిజర్వాయరు నీరు పాత గని దారుల్లోంచి పక్కవారి బొగ్గు గనిని ముంచింది. రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ కేసులో 1868లో హౌస్ ఆఫ్ లార్డ్స్, తప్పిపోతే కీడు చేసే వస్తువును తన భూమిలోకి తెచ్చిన వ్యక్తి నిర్లక్ష్యం లేకపోయినా నష్టానికి బాధ్యుడని తీర్పు చెప్పింది.

ఆరేళ్లకే ఆ సూత్రానికి చిత్తూరు ప్రాంతం నుంచి పరీక్ష ఎదురైంది. కార్వేటినగరం జమీందారీలో రెండు పాత చెరువులు భారీ వర్షాలకు తెగి మద్రాసు రైల్వే కంపెనీ కట్టడాలను దెబ్బతీశాయి. కంపెనీ జమీందారు మీద దావా వేసింది. 1874లో ప్రీవీ కౌన్సిల్ జమీందారు పక్షాన నిలిచింది. ఈ చెరువులు తరతరాలుగా సాగుకు ఆధారమని, వాటిని కాపాడటం జమీందారు విధి అని, తీసేసే స్వేచ్ఛ ఆయనకు లేదని, అందువల్ల నిర్లక్ష్యం రుజువైతేనే బాధ్యత అని చెప్పింది. సొంత లాభానికి కట్టిన నీటి నిల్వకూ, ప్రజల అవసరానికి నిలిపిన చెరువుకూ మధ్య ఆ తీర్పు గీసిన గీత భారత న్యాయ బోధనలో ఇప్పటికీ చర్చకు వస్తుంది.

2021 నాటి భారత ఆనకట్టల భద్రతా చట్టం ఆ ఏడాది డిసెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చింది. ఇది 15 మీటర్లకు మించిన కట్టలకు వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవాటిలో పొడవు 500 మీటర్లకు తగ్గనివి, 10 లక్షల ఘనపు మీటర్లకు తగ్గని నిల్వ ఉన్నవి వంటి కొన్ని షరతులకు లోబడినవీ దీని కిందికి వస్తాయి. యజమాని అనే మాటలో కంపెనీలూ ఉన్నాయి. చట్టం విధించిన విధులను అడ్డుకుంటే లేదా ఆదేశాలు పాటించకపోతే ఏడాది వరకు, దానివల్ల ప్రాణనష్టం జరిగితే రెండేళ్ల వరకు జైలుశిక్ష ఉంటుంది. 10 మీటర్లకు లోపు కట్టలు ఈ చట్టం పరిధికి బయటే ఉన్నాయి.

అత్యవసర ప్రణాళిక, తొలగింపు

దిగువన ఇళ్లున్న ప్రతి కట్టకూ రాతపూర్వక ప్రణాళిక ఉండాలని భద్రతా సంస్థలు చెబుతాయి. తెగితే నీరు ఎక్కడిదాకా, ఎంతసేపట్లో చేరుతుందో చూపే పటం, దిగువ కుటుంబాల, పోలీసుల, రెవెన్యూ అధికారుల ఫోన్ నంబర్లు, ఏ గుర్తు కనిపిస్తే ఎవరు ఎవరికి చెప్పాలన్న క్రమం అందులో ఉంటాయి. కెల్లీ బార్న్స్, సోలాయ్ కట్టలు రెండూ చీకట్లోనే తెగాయి. అందుకే వరద రాత్రుల్లో కట్ట మీద మనిషి ఉండటం, నిద్రలో ఉన్నవాళ్లను లేపే సైరన్ లేదా దండోరా ఏర్పాటు ప్రణాళికలో తప్పనిసరి అంశాలు.

అవసరం తీరిపోయిన కట్టను అలాగే వదిలేయడం భద్రత కాదు. నీటిని క్రమంగా దింపి, పూడికను స్థిరపరిచి, వరద ఆటంకం లేకుండా పోయేంత వెడల్పున కట్టను అడుగుదాకా తీసేయడం దానికి పద్ధతి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో దీనికి ముందుగా అనుమతి తీసుకోవాలి. కెల్లీ బార్న్స్ కట్టను 1977 తరువాత మళ్లీ కట్టలేదు.